ఎండుమిర్చిలో ప్రొటీన్, అఫ్లాటాక్సిన్, క్యాప్సైసిన్: మాస్ స్పెక్ట్రోమీటర్‌కి పంపే ముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గుంటూరు యార్డులో తేజ రకం ఎండుమిర్చి కొన్నారు. పొడి చేసి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న బఫర్‌లో (పీహెచ్ మారకుండా చూసే ద్రావణం) ప్రొటీన్ తీసి, దాన్ని పెప్టైడ్‌లనే చిన్న ముక్కలుగా కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ వేసి, అణువుల బరువు చూసే మాస్ స్పెక్ట్రోమీటర్ కోసం హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి పంపారు. రిపోర్టులో మనిషి కెరాటిన్ (చర్మం, జుట్టులోని ప్రొటీన్), ట్రిప్సిన్ తప్ప మిర్చి ప్రొటీన్లు పది కూడా లేవు. పైగా బరువులో 44 తేడాతో మెట్లలా వరసగా పీకులు (గ్రాఫులో శిఖరాలు) వచ్చాయి. తప్పు ఎక్కడ జరిగింది, అదే శాంపిల్‌లో అఫ్లాటాక్సిన్ (బూజు విషం), క్యాప్సైసిన్ (కారాన్నిచ్చే పదార్థం) కూడా కొలవవచ్చా, పీకు ఎత్తు చూసి ఎంత ఉందో చెప్పవచ్చా అని అడిగారు.

చివరిదాంతో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సగం తేలినట్టే. పీకు ఎత్తు చూసి ఎంత ఉందో చెప్పలేం. మాస్ స్పెక్ట్రోమీటర్ లెక్కపెట్టేది అణువుల్ని కాదు, తన దాకా వచ్చిన అయాన్లని, అంటే విద్యుదావేశం ఎక్కినవాటిని మాత్రమే. శాంపిల్‌ని ఆవేశం ఉన్న తుంపరగా చల్లే ఎలక్ట్రోస్ప్రేలో సన్నటి సూది నుంచి వచ్చే తుంపర మీద ఉండే విద్యుదావేశం కొంతే. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లోకి రద్దీ బస్సు వచ్చినప్పుడు చూడండి: ఎంతమంది నిలబడ్డారన్నది కాదు, కిటికీలోంచి ముందు తువ్వాలు ఎవరు వేశారన్నదే సీటు తేలుస్తుంది. తుంపర ఉపరితలానికి తేలే అణువులు, అంటే నూనెలు, డిటర్జెంట్లు, క్యాప్సైసిన్ లాంటివి, ముందే తువ్వాలు వేసేస్తాయి. మీ పెప్టైడ్ అక్కడే ఉన్నా ఆవేశం దొరక్క కనిపించదు. దీన్నే అయాన్ సప్రెషన్ అంటారు. అందుకే ఒకే మొత్తంలో ఉన్న రెండు పెప్టైడ్‌ల సిగ్నల్ మధ్య వంద రెట్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఒకే పెప్టైడ్‌ని రెండు శాంపిళ్ల మధ్య పోల్చవచ్చు, అదీ రెండింటినీ ఒకేలా తయారుచేస్తేనే. రెండు వేర్వేరు పెప్టైడ్‌లని ఎత్తుతో పోల్చకూడదు. కచ్చితమైన అంకె కావాలంటే, అదే అణువుకి బరువైన ఐసోటోప్ రూపాన్ని తెలిసిన మోతాదులో కలిపి, రెండింటి నిష్పత్తి తీసుకోవాలి. అవి రెండూ ఒకే క్షణంలో కాలమ్ (అణువుల్ని వేరుచేసే గొట్టం) దిగుతాయి, ఒకే అణచివేతకి గురవుతాయి, కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదు.

ఇక మూడూ ఒకే శాంపిల్‌లోనా? ఒకే కాయల నుంచి కొలవవచ్చు, ఒకే ట్యూబు నుంచి కుదరదు. యూరప్ దేశాలకి వెళ్లే ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, నాలుగు అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 దాటకూడదు. క్యాప్సైసిన్ కారం రకంలో కిలోకి గ్రాముల్లో ఉంటుంది. అంటే ఒకటి రెండోదానికి లక్షల రెట్లు. ప్రొటీన్ తీసేటప్పుడు అసిటోన్‌తో కడిగి పారబోసే ఎర్రటి ద్రవంలోనే మిగతా రెండూ వెళ్లిపోతాయి. కాబట్టి పొడిని మూడు వాటాలు చేసి, మూడు దారులు పట్టండి.

ప్రొటీన్ సంగతి వివరంగా చెబుతాను, దెబ్బ తిన్నది అక్కడే కాబట్టి. మొదటి ఇబ్బంది ఎండుమిర్చే. కల్లంలో రోజుల తరబడి ఎండలో ఆరిన కాయలో చక్కెరలు ప్రొటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపడతాయి, మెయిలార్డ్ చర్య అన్నమాట. ట్రిప్సిన్ కోసేది లైసిన్, ఆర్జినిన్ తర్వాత. ముడిపడ్డ లైసిన్ దగ్గర అది కోయలేదు, కోసిన ముక్కలు కూడా డేటాబేస్‌లోని బరువుకి సరిపోవు. ప్రాజెక్టు ప్రశ్న ఎండుమిర్చి గురించే కాకపోతే పండు కాయ తీసుకోండి. తోటలోనే కోసి, తొడిమ, గింజలు తీసేసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. గింజల ప్రొటీన్ కావాలంటే వాటిని విడిగా చేయండి. గింజల్లో నిల్వ ప్రొటీన్లు ఎంత ఎక్కువంటే, కలిపి చేస్తే కండ భాగంలోని చిన్న ప్రొటీన్లు వాటి కింద మునిగిపోతాయి.

తీసే పద్ధతికి నా ఓటు టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్)-అసిటోన్ తర్వాత ఫినాల్‌కే. రంగు, నూనె, పాలీఫినాళ్లు ఇంత దండిగా ఉన్న కాయకి ఎస్‌డీఎస్ బఫర్ ఒక్కటే సరిపోదు. ద్రవ నైట్రోజన్‌లో నూరిన పొడి అర గ్రాము తీసుకుని, మైనస్ 20లో చల్లార్చిన 10 శాతం టీసీఏ ఉన్న అసిటోన్ 10 మి.లీ.లో కలిపి సెంట్రిఫ్యూజ్ చేయండి. తర్వాత 0.1 మోలార్ అమ్మోనియం అసిటేట్ ఉన్న 80 శాతం మిథనాల్‌తో ఒకసారి, 80 శాతం అసిటోన్‌తో పైన తేరిన ద్రవంలో రంగు పోయేదాకా కడగండి. మిర్చికి మూడు నాలుగు సార్లు పడుతుంది, ఇక్కడ తొందరపడొద్దు. టీసీఏ మిగిలిపోతే ముద్ద తర్వాత కరగదు. ఆరిన ముద్దకి ఎస్‌డీఎస్ బఫర్, పీహెచ్ 8 ట్రిస్‌తో సమం చేసిన ఫినాల్ చెరిసగం పోసి బాగా కలపండి. బఫర్‌లో 30 శాతం సుక్రోజ్ ఉండాలి. అది ఉంటేనే నీటి పొర బరువెక్కి కిందికి దిగి, ప్రొటీన్ ఉన్న ఫినాల్ పైకి వస్తుంది. సుక్రోజ్ మరిచిపోతే పొరలు తారుమారై, మీరు పై పొర అనుకుని తీసేది ఉత్త నీటి పొర అవుతుంది. ప్రొటీన్ రాకపోవడానికి ఇదొక కారణం. ఫినాల్ పొరకి ఐదింతలు 0.1 మోలార్ అమ్మోనియం అసిటేట్ ఉన్న చల్లటి మిథనాల్ పోసి రాత్రంతా మైనస్ 20లో ఉంచండి. తెల్లటి ముద్ద దిగుతుంది. దాన్ని మిథనాల్‌తోనూ, 80 శాతం అసిటోన్‌తోనూ కడిగితే ఎస్‌డీఎస్ చాలావరకు పోతుంది. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, చేతి తొడుగు మీద చుక్క పడితే వెంటనే మార్చండి.

మీ పాత పద్ధతిలో ఎస్‌డీఎస్ చివరిదాకా మిగిలి ఉండాలి. అది ట్రిప్సిన్‌నీ మందగింపజేస్తుంది, తుంపరలోనూ పెప్టైడ్‌లని అణచేస్తుంది, కాలమ్‌కీ అంటుకుంటుంది. ఎస్‌డీఎస్ వాడటం తప్పు కాదు, తీసేయకపోవడం తప్పు.

ముద్దని 8 మోలార్ యూరియా, 50 మిల్లీమోలార్ అమ్మోనియం బైకార్బొనేట్‌లో కరిగించండి. యూరియా ఆ రోజు కలిపిందే కావాలి, 37 డిగ్రీలు దాటకూడదు. వేడెక్కితే యూరియా నుంచి పుట్టే సయనేట్ లైసిన్‌కీ, ప్రొటీన్ మొదటి కొసకీ అంటుకుని 43.006 బరువు పెంచుతుంది. ప్రొటీన్‌లో సిస్టీన్‌ల మధ్య బంధాలు తెంచే డీటీటీ వేసి 56 డిగ్రీల్లో పెట్టమని చాలా కాగితాల్లో ఉంటుంది. అది యూరియా లేని పద్ధతులకి. యూరియా ఉంటే 10 మిల్లీమోలార్ డీటీటీతో 37లో గంట చాలు. ఆ తర్వాత తెగిన బంధాలు మళ్లీ కలవకుండా 25 మిల్లీమోలార్ అయొడోఅసిటమైడ్, గది ఉష్ణోగ్రతలో, చీకట్లో, అరగంట. మిగిలినదాన్ని చంపడానికి ఇంకొంచెం డీటీటీ. దీంతో ప్రతి సిస్టీన్ మీదా 57.021 చేరుతుంది, పీకుల్ని ప్రొటీన్ల డేటాబేస్‌తో పోల్చే సాఫ్ట్‌వేర్ సెర్చ్‌లో దాన్ని స్థిర మార్పుగా ఇవ్వాలి.

ప్రొటీన్ ఎంతుందో డీటీటీ వేయకముందే కొలవాలి. రంగు మార్పుతో ప్రొటీన్ కొలిచే బీసీఏ పద్ధతికి డీటీటీ, చక్కెరలు, పాలీఫినాళ్లు అన్నీ అడ్డమే, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అలాంటిదే అయిన బ్రాడ్‌ఫర్డ్ పద్ధతికి ఎస్‌డీఎస్ అడ్డు. ఏది వాడినా, లెక్కప్రకారం 10 మైక్రోగ్రాములు జెల్ మీద నడిపి (అక్కడ ప్రొటీన్లు సైజు ప్రకారం పట్టీలుగా విడిపోతాయి) కూమసీ రంగు వేసి కంటితో చూడండి. మిర్చిలో ఈ పద్ధతులిచ్చే అంకె కన్నా ఈ జెల్ మాటే నమ్మదగ్గది.

యూరియాని ఎనిమిదింతలు పలుచన చేసి 1 మోలార్‌కి తెచ్చాకే ట్రిప్సిన్ వేయాలి, 100 మైక్రోగ్రాముల ప్రొటీన్‌కి సీక్వెన్సింగ్ గ్రేడ్‌ది 2 మైక్రోగ్రాములు, అంటే యాభైకి ఒకటి. 37 డిగ్రీల్లో 16 గంటలు. పీహెచ్ 8 దగ్గర ఉందని చుక్క పేపర్ మీద పెట్టి చూడండి. టీసీఏ మిగిలి ఉంటే ఇక్కడ బయటపడుతుంది, పీహెచ్ 5లో ట్రిప్సిన్ ఊరికే కూర్చుంటుంది. మీ రిపోర్టులో ట్రిప్సిన్ తన ముక్కలే ఎక్కువ రావడానికి కారణం అది కోయడానికి ప్రొటీన్ లేకపోవడమో, లెక్క తప్పి ఎంజైమ్ ఎక్కువ పడటమో అయి ఉంటుంది. కోయకముందు, కోసిన తర్వాత 5 మైక్రోగ్రాముల చొప్పున జెల్ మీద పక్కపక్కన పెడితే, రెండో గీతలో పట్టీలు మాయమవ్వాలి. అలా అవకపోతే ఆ ట్యూబు పంపడం దండగ.

తర్వాత ఫార్మిక్ యాసిడ్‌తో పీహెచ్ 3 కిందికి దించి, పెప్టైడ్‌లని పట్టి ఉంచే సీ18 స్పిన్ కాలమ్‌లో ఉప్పు, యూరియా తీసేయాలి. కాలమ్‌ని ముందు అసిటోనైట్రైల్‌తో తడిపి, తర్వాత 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్‌తో సమం చేసి శాంపిల్ పోయండి. మళ్లీ అదే ఆమ్లంతో కడిగి, 60 శాతం అసిటోనైట్రైల్‌తో దించండి. శాంపిల్ ఆమ్లంగా లేకపోతే పెప్టైడ్‌లు పట్టకుండా జారిపోతాయి. కాబట్టి కాలమ్ దాటిన మొదటి ద్రవాన్ని ఫలితం వచ్చేదాకా పారేయకండి.

కెరాటిన్ మీ చర్మం, జుట్టు, ఉన్ని బట్టల నుంచి వస్తుంది. మంచి శాంపిల్‌లోనూ కొంత ఉంటుంది. మీ దగ్గర అదే ఎక్కువగా కనిపించడానికి అసలు కారణం మిర్చి ప్రొటీన్ లేకపోవడం. నైట్రైల్ తొడుగులు, తల కప్పు, తెరిచి ఉంచని ట్యూబులు, ఫ్యాను కింద కాకుండా హుడ్‌లో పని: వీటితో చాలా తగ్గుతుంది. నీళ్లు మాత్రం ఎల్‌సీఎంఎస్ గ్రేడ్ (మాస్ స్పెక్ట్రోమీటర్‌కి తగ్గ శుద్ధి) సీసావే. ఇరవై లీటర్ల క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్లలో సోడియం ఉంటుంది, ప్రతి పీకు పక్కనా 22 ఎక్కువ బరువుతో ఒక తోక పీకు తయారవుతుంది.

ముడి ఫైలు చేతికొచ్చాక ముందు చూడాల్సింది ఆవేశం. ఐసోటోప్ పీకుల మధ్య దూరం 1 అయితే ఒక ఆవేశం, 0.5 అయితే రెండు, 0.33 అయితే మూడు. ట్రిప్సిన్ ముక్కలు ఎక్కువగా రెండు, మూడు ఆవేశాలతో వస్తాయి. స్క్రీన్ నిండా ఒక్క ఆవేశమే ఉన్న పీకులుంటే అవి పెప్టైడ్‌లు కాదు, మురికి. మొత్తం ప్రొటీన్‌ని కోయకుండా పంపినప్పుడూ ఈ లెక్కే. గుర్రం మయోగ్లోబిన్ బరువు దాదాపు 16,951.5. పదహారు ప్రోటాన్లు పట్టుకుంటే (16,951.5 + 16 × 1.007) ÷ 16, అంటే 1060.5 దగ్గర, పదిహేడు పట్టుకుంటే 998.2 దగ్గర కనబడుతుంది. పక్కపక్కనున్న రెండు పీకులు చాలు, ఆవేశమూ బరువూ రెండూ లెక్కగట్టవచ్చు. ఇంత పెద్ద అణువుల్ని చెదరకుండా గాలిలోకి లేపే దారులు చూపినందుకే జాన్ ఫెన్, కోయిచి తనాకాలకి 2002 నోబెల్‌లో సగం దక్కింది.

సెర్చ్‌లో క్యాప్సికం యాన్యుమ్ (మిర్చి మొక్క) ప్రొటీన్ల డేటాబేస్ ఇవ్వండి. ఈ మొక్క జీనోమ్ 2014 నుంచి అందుబాటులో ఉంది, టమోటా డేటాబేస్‌తో సరిపెట్టుకోవాల్సిన పని లేదు. దాంతోపాటు కెరాటిన్, ట్రిప్సిన్ ఉన్న మలినాల జాబితా తప్పకుండా జతచేయండి. అది లేకపోతే కెరాటిన్ పెప్టైడ్‌లకి సాఫ్ట్‌వేర్ బలవంతంగా మిర్చి పేర్లు అంటగడుతుంది. బరువులో తేడా 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు), తప్పు గుర్తింపుల హద్దు 1 శాతం. పోలిక కోసమైతే మూడు వేర్వేరు మొక్కల నుంచి మూడు శాంపిళ్లు కావాలి. ఒకే ట్యూబుని మూడుసార్లు ఎక్కిస్తే తెలిసేది యంత్రం సంగతే, మొక్క సంగతి కాదు.

ఒక ప్రొటీన్ ఎంతుందో అంకె కావాలంటే దాని నుంచి రెండు మూడు పెప్టైడ్‌లు ఎంచుకోండి: 7 నుంచి 20 అమైనో ఆమ్లాలు, మెథియోనిన్, సిస్టీన్ లేనివి, ఆ ప్రొటీన్‌కే ప్రత్యేకమైనవి. చివర బరువైన లైసిన్ ఉంటే 8.014, బరువైన ఆర్జినిన్ అయితే 10.008 తేడా వస్తుంది. రెండు ఆవేశాల దగ్గర అది 4.007, 5.004గా కనిపిస్తుంది. ఒక్కటి మరవకండి: బరువైన పెప్టైడ్ కలిపినంత మాత్రాన ట్రిప్సిన్ సరిగా కోసిందో లేదో తెలియదు, అది ముందే కోసిన ముక్క కదా. అందుకే 4, 8, 16 గంటల దగ్గర తీసి చూసి, నిష్పత్తి పెరగడం ఆగాకే ఆ అంకెని నమ్మాలి.

అఫ్లాటాక్సిన్‌లో యంత్రం కన్నా నమూనా తీయడమే కష్టం. బూజు అన్ని కాయలకీ సమానంగా పట్టదు. నెమ్ము తగిలిన పది కాయలు టిక్కీ (మిర్చి బస్తా) మొత్తాన్ని చెడగొట్టగలవు, ఆ పదీ మీ చేతికి రాకపోతే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. ఎన్నో టిక్కీల పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కొంచెం కొంచెం తీసి, తీసినదంతా పొడి చేసి, బాగా కలిపి, అందులోంచి 25 గ్రాములు తూచండి. 80:20 అసిటోనైట్రైల్, నీళ్లు 100 మి.లీ. పోసి బాగా కుదిపి వడకట్టండి. కిలోకి 5 మైక్రోగ్రాములుంటే 25 గ్రాముల్లో 125 నానోగ్రాములు, వడకట్టిన ద్రవంలో మి.లీ.కి 1.25. ట్రిపుల్ క్వాడ్రుపోల్ అనే రకం మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇది తేలిక. పదింతలు పలుచన చేసినా మంచి యంత్రానికి అందుతుంది. పలుచన చేస్తే రంగు, నూనెల అణచివేత కూడా తగ్గుతుంది. సిగ్నల్ చాలకపోతే అఫ్లాటాక్సిన్‌ని ఎంచి పట్టే ఇమ్యునోఅఫినిటీ కాలమ్ వాడండి. మిర్చి రంగు పోవాలని గ్రాఫైట్ కార్బన్ మాత్రం వేయకండి. బల్లపరుపు అణువుల్ని పట్టడం దాని గుణం, అఫ్లాటాక్సిన్ అలాంటిదే. రంగుతోపాటు మీరు వెతికేదీ పోయి, రిపోర్టులో సున్నా వస్తుంది.

బీ1కి 313 నుంచి 285, 313 నుంచి 241 మార్పులు (అయాన్ బరువు నుంచి అది విరిగిన ముక్క బరువుకి) చూడాలి. కార్బన్లు పదిహేడూ కార్బన్-13గా ఉన్న బీ1కి 330 నుంచి 301. అది ఖరీదైనది, 25 గ్రాములకి కలిపితే సీసా ఇట్టే అయిపోతుంది. వడకట్టాక ఒక మి.లీ.లో కలిపితే సరిపోతుంది. అయితే అప్పుడది అణచివేతనే సరిచేస్తుంది, కాయలోంచి ఎంత రాబట్టారో చెప్పదు. బూజు లేని మిర్చి పొడికి తెలిసిన మోతాదు కలిపి, ఎంత తిరిగి వచ్చిందో విడిగా చూడాలి. 70 నుంచి 120 శాతం మధ్య ఉంటే సరే. రెండు మార్పుల నిష్పత్తి ప్రామాణికంతో (స్వచ్ఛమైన అఫ్లాటాక్సిన్‌తో) పోలిస్తే 30 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే అది అఫ్లాటాక్సిన్ అని రాయొద్దు. అఫ్లాటాక్సిన్ క్యాన్సర్ కారకం. పొడిగా ఉన్న ప్రామాణికాన్ని తూచే పని పెట్టుకోకండి, ద్రావణంగా దొరికేదే కొనండి. ముదురు రంగు వయల్స్ వాడండి, ఒలికితే సోడియం హైపోక్లోరైట్‌తో తుడవండి.

క్యాప్సైసిన్‌కి మాస్ స్పెక్ట్రోమీటరే అక్కర్లేదు. 280 నానోమీటర్ల దగ్గర మామూలు హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాల్ని కాలమ్‌లో వేరుచేసి కొలిచే యంత్రం) చాలు, అది మీ కాలేజీలోనే ఉండొచ్చు. మాస్‌లోనే చేయాలనుకుంటే 306 నుంచి 137, డైహైడ్రోక్యాప్సైసిన్‌కి 308 నుంచి 137. కానీ కనీసం వెయ్యింతలు పలుచన చేయండి. లేకపోతే డిటెక్టర్ నిండిపోయి పీకు నెత్తి చదునవుతుంది, తర్వాత పది ఇంజెక్షన్ల దాకా కాలమ్‌లోంచి కారం కారుతూనే ఉంటుంది. తర్వాత ఎక్కించేవాళ్ల శాంపిళ్లూ పాడవుతాయి.

పెప్టైడ్‌లని ద్రవంగా పంపకండి, వాక్యూమ్‌లో ఎండబెట్టి పంపండి. మే నెల ఎండలో గుంటూరు నుంచి హైదరాబాద్ చేరేసరికి కొరియర్ పెట్టెలో డ్రై ఐస్ మిగలకపోయినా ఎండినవి తట్టుకుంటాయి. ల్యాబ్‌కి చేరాక 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్‌లో కరిగించి ఒక మైక్రోగ్రాము ఎక్కించమని రాయండి. ఎన్ని మైక్రోగ్రాములున్నాయో, ఏ ఎంజైమ్ వేశారో, ఏ డిటర్జెంట్ తాకిందో దాచకుండా చెప్పండి. శాంపిళ్లతోపాటు ఇంకో ట్యూబు కూడా పంపండి: మిర్చి వేయకుండా, మిగతా మెట్లన్నీ అదే రోజు, అదే సీసాలతో చేసింది. మురికి ఎక్కడిదో ఆ ఖాళీ ట్యూబే చెబుతుంది.

మీ పాత ఫైలు ఇంకా పనికొస్తుంది. 44.026 తేడా అంటే ఇథిలీన్ ఆక్సైడ్ గొలుసు. 371.23, 415.25, 459.28, 503.31 వరసైతే అది పాలీఇథిలీన్ గ్లైకాల్, ప్లాస్టిక్ సామాను, సబ్బు, చేతి క్రీము దగ్గర వెతకండి. 559.38, 603.41, 647.44 వరసైతే ట్రైటాన్ ఎక్స్-100. బఫర్‌లో వేయలేదంటే సీసాలు కడిగిన ద్రావణాన్ని అనుమానించండి. గాజు సామాను డిటర్జెంట్‌తో కాకుండా మిథనాల్‌తోనూ, ఎల్‌సీఎంఎస్ నీళ్లతోనూ కడిగి, ఈ పనికి తప్ప ఎవరికీ ఇవ్వకుండా విడిగా పెట్టుకోండి. రెండు వరసల్లో ఏది కనబడిందో పీకుల అంకెలతో ఇక్కడ రాస్తే, ఏ మెట్టు దగ్గర కలిసిందో కలిసి చూద్దాం.